గెలాక్సీ ఆకారంలో ఒక శాతం మార్పును కొలవడం: శ్రీకాకుళం మాస్టారి ప్రశ్నలకు సమాధానం

మాస్టారూ, నమస్కారం.

శ్రీకాకుళంలో డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధిస్తున్నానని చెబుతూ మీరు మూడు ప్రశ్నలు వేశారు. గెలాక్సీ అసలు ఆకారం ఏమిటో ఎవరికీ తెలియనప్పుడు, గురుత్వాకర్షణ వల్ల అందులో వచ్చిన ఒక శాతం మార్పును ఎలా పట్టుకుంటారన్నది మొదటిది. ఇప్పటి ఆకాశ సర్వేలు కోట్ల గెలాక్సీలను కొలుస్తున్నాయి కాబట్టి, కొలతలో దొర్లే పొరపాట్లు సగటు తీసేసరికి వాటంతట అవే కొట్టుకుపోవా అన్నది రెండవది. ఇందులో ఏ కొంచెమైనా మామూలు ల్యాప్‌టాప్ మీద విద్యార్థుల చేత చేయించవచ్చా అన్నది మూడవది. నాది విజయనగరం. పన్నెండేళ్లుగా గెలాక్సీల ఆకారాలను కొలిచే ప్రోగ్రాములు రాయడం, వాటిలో తప్పులు వెతకడం నా వృత్తి. మీ రెండవ ప్రశ్నకే ఎక్కువ చోటు ఇస్తాను, ఎందుకంటే ఈ రంగంలో పనిచేసేవాళ్ల కాలమంతా ఆ ప్రశ్న దగ్గరే గడుస్తుంది.

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నదే. దూరపు గెలాక్సీ నుంచి బయలుదేరిన కాంతి, దారిలో ఉన్న పదార్థం పక్కనుంచి వచ్చేటప్పుడు కొద్దిగా వంగుతుంది. ఆ పదార్థంలో ఎక్కువ భాగం కంటికి కనిపించని కృష్ణ పదార్థం. గెలాక్సీల భారీ గుంపు ఏదైనా సరిగ్గా అడ్డుగా ఉంటే వెనుకనున్న గెలాక్సీ విల్లులా సాగి కనిపిస్తుంది, దాన్ని ఫొటోలోనే గుర్తించవచ్చు. ఆకాశంలో దాదాపు ప్రతి దిక్కునా జరిగేది మాత్రం అంతకన్నా ఎంతో స్వల్పమైన సాగుదల. దాన్ని షియర్ అంటాము, దాని విలువ సాధారణంగా 0.01 లేదా అంతకన్నా తక్కువ. పూర్తిగా గుండ్రంగా ఉన్న గెలాక్సీ మీద 0.01 షియర్ పడితే దాని పొట్టి అక్షానికీ పొడుగు అక్షానికీ ఉన్న నిష్పత్తి 0.98 అవుతుంది. నేల మీది టెలిస్కోపు తీసిన చిత్రంలో అలాంటి గెలాక్సీ అయిదు పిక్సెళ్ల వెడల్పు ఉంటే, మనం వెతికే తేడా పిక్సెల్‌లో పదో వంతు మాత్రమే. పైగా గెలాక్సీలు పుట్టుకతోనే దీర్ఘవృత్తాలు. ఒక్కో దిశలో వాటి సహజ దీర్ఘవృత్తత చెదురు సుమారు 0.26 ఉంటుంది, అంటే మనకు కావలసిన సంకేతానికి పాతిక రెట్లకు పైన. అందుకే ఒక్క గెలాక్సీని చూసి ఏమీ చెప్పలేము. అయితే పుట్టుకతో వచ్చిన వాలుకు ఆకాశంలో ఇష్టమైన దిక్కంటూ లేదు, కాబట్టి ఒక ప్రాంతంలోని వేల గెలాక్సీల సగటు తీస్తే అది సున్నాకు చేరుతుంది. పక్కపక్కన కనిపించే గెలాక్సీల కాంతి దాదాపు ఒకే దారిలో వచ్చింది కాబట్టి వాటి మీద పడిన షియర్ మాత్రం సగటులోనూ మిగులుతుంది. 0.001 వరకు కచ్చితత్వం కావాలంటే 0.26ను 0.001తో భాగించి వర్గం చేయండి, సుమారు 67,600 గెలాక్సీలు కావాలని తేలుతుంది. ఇంత సులువైన లెక్క వెనుక ఒక మినహాయింపు ఉంది: నిజంగానే ఒకదానికొకటి దగ్గరగా పుట్టిన గెలాక్సీలు చుట్టూ ఉన్న పదార్థపు ఆకర్షణ వల్ల కొంతవరకు ఒకే వైపు తిరిగి ఉంటాయి. దానికి వేరే నమూనా కట్టి లెక్కలోకి తీసుకుంటాము, ఇక్కడ దాని జోలికి పోను.

గెలాక్సీ గుంపుల చుట్టూ ఈ స్వల్ప సాగుదలను 1990లో ఖగోళ శాస్త్రవేత్త టైసన్ బృందం చూపింది. ఆకాశంలో ఏ ప్రత్యేక గుంపూ లేని చోట్ల కూడా అది ఉందని 2000లో నాలుగు బృందాలు విడివిడిగా, ఇంచుమించు ఒకేసారి ప్రకటించాయి. అప్పటి కొలతలు కొన్ని లక్షల గెలాక్సీలకు మించలేదు. ఆ తరువాత చిలీలోని సెర్రో టొలోలోలో 4 మీటర్ల బ్లాంకో టెలిస్కోపుకు 57 కోట్ల పిక్సెళ్ల కెమెరా తగిలించి 2013 నుంచి 2019 వరకు నడిపిన డార్క్ ఎనర్జీ సర్వే, తన మొదటి మూడేళ్ల చిత్రాల నుంచే సుమారు 10 కోట్ల గెలాక్సీల ఆకారాలను కొలిచింది.

ఇక మీ రెండవ ప్రశ్న. పొందూరులో ఖద్దరు కొలిచే గజంబద్ద అరిగిపోయి 36 అంగుళాలకు బదులు 35 అంగుళాలే ఉందనుకోండి. కొలిచేవాడి చెయ్యి ఒకసారి అటూ ఒకసారి ఇటూ జరగడం వల్ల వచ్చే తేడాలు వంద తానులు కొలిచేసరికి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. బద్ద పొట్టిదనం మాత్రం వంద తానుల్లోనూ అలాగే ఉంటుంది, వెయ్యి తానులు కొలిచినా దాదాపు 3 శాతం ఎక్కువే చూపుతుంది. గెలాక్సీల విషయంలోనూ అంతే. 10 కోట్ల గెలాక్సీల సగటులో మిగిలే యాదృచ్ఛిక దోషం 0.26ను 10,000తో భాగించినంత, అంటే 0.000026. షియర్ 0.01 ఉన్నచోట మన పద్ధతి 3 శాతం తప్పు చూపితే ఆ తప్పు 0.0003. యాదృచ్ఛిక దోషానికి అది పదకొండు రెట్లు. గెలాక్సీల సంఖ్య పెరిగేకొద్దీ మొదటిది తగ్గుతుంది, రెండవది ఉన్నచోటే ఉంటుంది. కాబట్టి సర్వే పెద్దదయ్యేకొద్దీ కొలత సులువు కాదు, మరింత కఠినమవుతుంది. మా పరిభాషలో కొలిచిన షియర్‌ను నిజమైన షియర్‌తో కలిపే సరళరేఖ వాలు ఒకటికి ఎంత తేడాగా ఉందో దాన్ని ఎమ్ అనీ, నిజమైన షియర్ సున్నా అయినా కనిపించే విలువను సీ అనీ అంటాము. ఎమ్ గజంబద్ద లోపం లాంటిది. 2023 జులై 1న అంతరిక్షంలోకి వెళ్లిన యూక్లిడ్ టెలిస్కోపు 14,000 చదరపు డిగ్రీల ఆకాశంలో 150 కోట్ల గెలాక్సీల ఆకారాలు కొలవడానికి ఉద్దేశించినది. దాని కోసం ఎమ్ విలువ 0.002 కన్నా బాగా తెలిసి ఉండాలని లక్ష్యం పెట్టుకున్నారు.

ఈ లోపాలు ఎక్కడ పుడతాయో చెప్పడానికి ముందు ఒక చిన్న అనుభవం. సంక్రాంతి సెలవుల్లో మా అన్నయ్య పిల్లలతో కళింగపట్నం తీరానికి వెళ్లినప్పుడు, చీకటి పడ్డాక వేటలో ఉన్న పడవల దీపాలను ఫోనుతో ఫొటో తీశాము. ఇంటికి వచ్చి పెద్దది చేసి చూస్తే ఒక్క దీపమూ చుక్కలా లేదు. ఎడమ పైమూల నుంచి కుడి కిందిమూలకు సాగిన చిన్న మచ్చలా ఉంది ప్రతిదీ, ఫ్రేములో ఉన్న తొమ్మిది దీపాలూ అదే దిక్కుకు సాగాయి. దూరాన ఉన్న దీపం మనకు చుక్కగానే కనిపించాలి కాబట్టి, ఆ మచ్చ ఆకారం దీపానిది కాదు, ఫొటో తీసేటప్పుడు కదిలిన నా చేతిది. అదే ఫొటోలో ఒడ్డున ఉన్న ఇంటి కిటికీ వెలుగు కూడా ఉంది. కిటికీ నిజమైన ఆకారం కావాలంటే ముందు పక్కనున్న దీపాల నుంచి చెయ్యి ఎంత కదిలిందో నేర్చుకుని, ఆ కదలికను కిటికీ బొమ్మలోంచి తీసివేయాలి.

ఆకాశంలో దీపాల స్థానంలో నక్షత్రాలు, కిటికీ స్థానంలో గెలాక్సీలు ఉంటాయి. చేతి కదలిక స్థానంలో వాతావరణపు అలజడి, అద్దాల స్వల్ప వంపులు, టెలిస్కోపును తిప్పే యంత్రాంగపు వణుకు ఉంటాయి. ఇవన్నీ కలిసి ఒక చుక్కను ఎలా పరిచేస్తాయో చెప్పేదాన్ని పాయింట్ స్ప్రెడ్ ఫంక్షన్, పొట్టిగా పీఎస్‌ఎఫ్ అంటాము. నేల మీద మంచి ప్రదేశాల్లోనూ దాని వెడల్పు ఒక ఆర్క్‌సెకండుకు (అది డిగ్రీలో 3,600వ వంతు) కాస్త అటూ ఇటూ ఉంటుంది, మనం కొలిచే గెలాక్సీల్లో చాలా వాటి పరిమాణమూ అంతే. పీఎస్‌ఎఫ్ పూర్తిగా గుండ్రంగా ఉన్నా గెలాక్సీని గుండ్రం చేసి చూపుతుంది. రెండింటి విస్తీర్ణాలు సమానమైతే గెలాక్సీ దీర్ఘవృత్తత సగానికి పడిపోతుంది, దాన్ని మనం లెక్కతో తిరిగి రెట్టింపు చేయాలి. ఆ స్థితిలో పీఎస్‌ఎఫ్ విస్తీర్ణాన్ని 1 శాతం ఎక్కువగా అంచనా వేస్తే షియర్ 1 శాతం ఎక్కువగా వస్తుంది. గెలాక్సీ విస్తీర్ణం పీఎస్‌ఎఫ్‌లో సగమే అయితే అదే తప్పు 2 శాతానికి పెరుగుతుంది. చిన్న గెలాక్సీలను వదిలేయడానికి మేము ఇంతగా మొగ్గు చూపేది ఇందుకే, సంఖ్య తగ్గుతుందని తెలిసినా.

పీఎస్‌ఎఫ్ తెలిసేది నక్షత్రాలున్న చోటనే. గెలాక్సీ ఉన్న చోట అది ఎంతో చుట్టూ ఉన్న నక్షత్రాల నుంచి ఊహించి నింపుకోవాలి. ఏది నక్షత్రమో ఎంచుకోవడంలోనే నేను ఒకసారి పెద్ద దెబ్బ తిన్నాను. కెమెరా చిప్పుల అంచుల దగ్గర 0.002 అంత సాగుదల పదేపదే కనిపిస్తుంటే అది ఆకాశంలో ఉన్న సంకేతమేనని నమ్మి మూడు నెలలు దాని మీద పనిచేశాను. చివరికి నా నక్షత్రాల జాబితాలో చిన్న గెలాక్సీలు, బాగా దగ్గరగా ఉన్న జంట నక్షత్రాలు కలిసిపోయాయని, నక్షత్రాలు పలచగా దొరికే అంచుల్లో అవే పీఎస్‌ఎఫ్‌ను పక్కదారి పట్టించాయని తేలింది. అప్పటి నుంచి పీఎస్‌ఎఫ్ కట్టడానికి వాడని కొన్ని నక్షత్రాలను ముందే పక్కన పెట్టి, నమూనా వాటిని సరిగా చెబుతోందా అని చూడనిదే ముందుకు కదలను.

డిటెక్టర్‌లో కూడా ఒక చిక్కు ఉంది. కాంతిని ఎలక్ట్రాన్లుగా మార్చే సీసీడీ చిప్పు పిక్సెల్‌లో ఎలక్ట్రాన్లు పోగయ్యేకొద్దీ అవి కొత్తగా వచ్చే ఎలక్ట్రాన్లను పక్క పిక్సెళ్ల వైపు నెడతాయి. దాంతో ప్రకాశవంతమైన నక్షత్రం మసక నక్షత్రం కన్నా ఒక శాతం స్థాయిలో లావుగా కనిపిస్తుంది. మనం పీఎస్‌ఎఫ్ నేర్చుకునేది ప్రకాశవంతమైన నక్షత్రాల నుంచి, దాన్ని వాడేది మసక గెలాక్సీల మీద. పైన చెప్పిన 1 శాతం తప్పు అక్కడే సిద్ధంగా కూర్చుని ఉంటుంది. బాగా మెరిసే నక్షత్రాలను వదిలేయడం ఒక మార్గం, ఎలక్ట్రాన్ల తోపులాటను పిక్సెల్ స్థాయిలోనే సరిదిద్దడం మరొకటి. నక్షత్రాల రంగు, గెలాక్సీల రంగు ఒకటి కాకపోవడం వల్ల వచ్చే తేడా కూడా ఇదే కోవకు చెందుతుంది.

పీఎస్‌ఎఫ్ పూర్తిగా తెలిసినా నాయిస్ (ప్రతి పిక్సెల్ వెలుగులో యాదృచ్ఛికంగా వచ్చే హెచ్చుతగ్గులు) మిగులుతుంది. నాయిస్ అటూ ఇటూ సమానంగా ఉంటుంది కాబట్టి సగటులో పోవాలి కదా అన్నది మీ ప్రశ్నలోని అసలు ఊహ. ఇక్కడ విద్యార్థుల చేత బోర్డు మీద ఒక లెక్క చేయించండి. దీర్ఘవృత్తత అనేది ఒక భాగహారం: రెండు దిశల్లో కాంతి పరుచుకున్న తీరుల తేడా పైన, వాటి మొత్తం కింద. పైన 1, కింద 10 ఉంటే జవాబు 0.1. నాయిస్ వల్ల కింది సంఖ్య సగం సార్లు 8, సగం సార్లు 12 అయిందనుకుందాం. సంఖ్యల సగటు 10గానే ఉంది. కానీ 1ని 8తో భాగిస్తే 0.125, 12తో భాగిస్తే 0.083, ఆ రెండింటి సగటు 0.104. నాయిస్‌లో ఏ పక్షపాతమూ లేదు, జవాబులో మాత్రం 4 శాతం పక్షపాతం వచ్చింది. గెలాక్సీ ఎంత మసకదైతే ఇది అంత పెద్దది. 2006లో మొదలైన స్టెప్, ఆ తరువాత గ్రేట్ అనే పోటీల్లో, సరైన జవాబు దాచిపెట్టిన కృత్రిమ చిత్రాలను అందరికీ ఇచ్చి ఎవరి పద్ధతి ఎంత తప్పుతుందో చూశారు. మంచివని పేరున్న పద్ధతులు కూడా ఒకటి రెండు శాతం, కొన్ని అంతకు మించి తప్పాయి. పోటీల వల్ల ఈ రంగానికి జరిగిన మేలు చాలా పెద్దదని నా అభిప్రాయం, ఎందుకంటే అప్పటి నుంచి ఎవరూ తమ పద్ధతిని మాట మీద నమ్మమని అడగలేదు.

ఎంపికలోనూ పక్షపాతం దాగి ఉంటుంది. పలాసలో జీడిపప్పును పరిమాణం బట్టి వేరు చేస్తారు కదా, ఆ పనికి వాడే జల్లెడ కన్నాలు గుండ్రంగా కాకుండా ఒక వైపుకు సాగి ఉన్నాయనుకోండి. ఆ వైపుకు తిరిగిన గింజలు ఎక్కువగా జారిపోతాయి, జల్లెడలో మిగిలిన గింజల్లో ఆ వైపుకు తిరిగినవి తక్కువ. గింజల పొడవు ఎంత జాగ్రత్తగా కొలిచినా ఆ లోటు పోదు, ఎందుకంటే తప్పు కొలతలో కాదు, జల్లెట్లో ఉంది. మేము కూడా ఇంతకన్నా మసకవి వద్దు, ఇంతకన్నా చిన్నవి వద్దు అని జల్లెడ పడతాము. పీఎస్‌ఎఫ్ ఒక వైపుకు సాగి ఉంటే ఆ వైపే సాగిన గెలాక్సీలు సులువుగా గుర్తింపుకు అందుతాయి. స్వయంగా షియర్ కూడా కొన్ని గెలాక్సీలను ఆ ఎంపిక గీతకు అటు నుంచి ఇటు దాటించగలదు.

ఇన్ని లోపాలను ఒక్కొక్కటిగా లెక్కగట్టే బదులు, 2017లో హఫ్, మాండెల్‌బామ్, షెల్డన్ ప్రతిపాదించిన మెటాకాలిబ్రేషన్ మొత్తం సమస్యను ఇంకో వైపు నుంచి చూస్తుంది. గజంబద్ద ఎంత పొట్టిదో తెలియకపోతే, పొడవు తెలిసిన గుడ్డను దానితోనే కొలిచి చూడటం లాంటిది అది. నిజమైన గెలాక్సీ చిత్రంలోంచి పీఎస్‌ఎఫ్‌ను తీసివేసి, మన చేతులారా 0.01 షియర్ వేసి, మునుపటికన్నా కాస్త వెడల్పయిన పీఎస్‌ఎఫ్‌తో మళ్లీ మసకబార్చి, అదే ప్రోగ్రాముతో కొలుస్తాము. తరువాత మైనస్ 0.01 వేసి మళ్లీ కొలుస్తాము. మొదటిసారి 0.142, రెండవసారి 0.128 వచ్చిందనుకుందాం. తేడా 0.014, వేసిన షియర్ తేడా 0.02, కాబట్టి ఆ గెలాక్సీ విషయంలో మన ప్రోగ్రాము స్పందన 0.70. ఒక్క గెలాక్సీ స్పందన నమ్మదగినది కాదు. లక్షల గెలాక్సీల స్పందన సగటుతో, వాటి దీర్ఘవృత్తతల సగటును భాగిస్తే సరైన షియర్ వస్తుంది. జల్లెడ పక్షపాతం కూడా ఇందులోనే తేలుతుంది, ఎలాగంటే షియర్ వేసిన చిత్రాల మీద అదే జల్లెడ మళ్లీ పట్టి, ఎవరు లోపలికి వచ్చారో ఎవరు బయటికి పోయారో చూడవచ్చు. నాకు తెలిసిన ఆలోచనల్లో ఇంత నిజాయితీ గలది ఇంకొకటి లేదు. గెలాక్సీలు ఎలా ఉండాలో మనం ఊహించనక్కరలేదు, ఉన్న గెలాక్సీలనే అడుగుతాము.

దానికి లొంగనిది ఒకటుంది. ఒకే మచ్చగా కలిసిపోయి కనిపించే గెలాక్సీలు. హవాయిలోని 8.2 మీటర్ల సుబారు టెలిస్కోపు సర్వేలో సగానికి పైగా వస్తువులు పక్కదానితో అంచులు కలిసినవే. కలిసిపోయిన రెండూ వేర్వేరు దూరాల్లో ఉంటే వాటి మీద పడిన షియర్లూ వేరు, మొత్తం బొమ్మకు ఒకే షియర్ వేసి పరీక్షించడం అప్పుడు సరిపోదు. డార్క్ ఎనర్జీ సర్వే మూడేళ్ల ఫలితాల్లో మెటాకాలిబ్రేషన్ తరువాత కూడా సుమారు 2 శాతం లోటు మిగిలిందని, దానికి ముఖ్య కారణం ఈ కలయికలేనని నిజానికి దగ్గరగా తయారుచేసిన కృత్రిమ చిత్రాలు తేల్చాయి. చిలీలోనే సెర్రో పచోన్ మీద 2025 జూన్‌లో తొలి చిత్రాలు విడుదల చేసిన రూబిన్ టెలిస్కోపు ఇంకా మసక గెలాక్సీలను చూస్తుంది కాబట్టి, అక్కడ ఈ కలయికలే అన్నిటికన్నా పెద్ద చిక్కు అవుతాయని నేను అనుకుంటున్నాను.

ఇంత సూక్ష్మంగా ఎందుకు అని విద్యార్థులు అడగవచ్చు. విశ్వంలో పదార్థం ఎంత ముద్దలు కట్టిందో చెప్పే ఎస్8 అనే సంఖ్య, విశ్వపు తొలినాటి కాంతిని కొలిచిన ప్లాంక్ ఉపగ్రహపు కొలతల నుంచి 0.83 అని వస్తుంది. మూడేళ్ల డార్క్ ఎనర్జీ సర్వే నుంచి 0.776 వచ్చింది. ఐరోపా వారి కిడ్స్ సర్వే నుంచి 2020 ప్రాంతంలో 0.766 వచ్చి, 2025లో దాని చివరి విడత ఫలితం 0.815కు చేరింది, అందులో గెలాక్సీల దూరాల అంచనా మెరుగుపడటానికి పెద్ద వాటా ఉంది. భౌతికశాస్త్రంలో కొత్తది ఏదైనా ఉందా లేదా అన్న వాదన ఆరేడు శాతం తేడా మీద నడుస్తున్నప్పుడు, 2 శాతం గజంబద్ద లోపాన్ని పట్టించుకోకుండా ఉండలేము. జవాబు ముందే తెలిస్తే మనసు అటు లాగుతుందని, కొలతలను ఎవరికీ తెలియని ఒక గుణకంతో మార్చి దాచిపెట్టి, పరీక్షలన్నీ పూర్తయ్యాకే దాన్ని విప్పుతారు. ఆ పరీక్షల్లో నేను ముందు చూసేది ఒకటి: ప్రతి గెలాక్సీ వాలును 45 డిగ్రీలు తిప్పి లెక్క మళ్లీ చేస్తే గురుత్వాకర్షణ సంకేతం దాదాపు సున్నా కావాలి. కాకపోతే పీఎస్‌ఎఫ్ దగ్గరికి తిరిగి వెళ్లాలి.

మూడవ ప్రశ్నకు జవాబు, తప్పకుండా చేయించవచ్చు. గాల్‌సిమ్ అనే ఉచిత పైథాన్ లైబ్రరీ మామూలు ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది. 0.5 ఆర్క్‌సెకండు సగం-కాంతి వ్యాసార్థం (మొత్తం కాంతిలో సగం ఇమిడే వృత్తపు వ్యాసార్థం) గల గెలాక్సీని, 0.8 ఆర్క్‌సెకండు వెడల్పు గల మొఫాట్ అనే గణిత రూపపు పీఎస్‌ఎఫ్‌తో, 0.26 ఆర్క్‌సెకండు పిక్సెళ్ల మీద గీయమనండి. ప్రతి గెలాక్సీకీ దాన్నే 90 డిగ్రీలు తిప్పిన జంటను కూడా గీయించండి, పుట్టుకతో వచ్చిన దీర్ఘవృత్తతలు జంటలో కొట్టుకుపోతాయి కాబట్టి కోట్లు అక్కరలేదు, కొన్ని వేలు చాలు. తిప్పడం ముందు, షియర్ వేయడం తరువాత అన్న క్రమం తప్పకూడదు. మైనస్ 0.04 నుంచి 0.04 వరకు షియర్ విలువలు వేసి, ఆ లైబ్రరీలోనే ఉన్న ఆకార కొలత ఫంక్షన్‌తో కొలిపించి, వేసింది అడ్డంగానూ కొలిచింది నిలువుగానూ గ్రాఫు గీయించండి. అక్కడున్న ఆకార కొలత పద్ధతుల్లో ఒకటైన రీగాస్ పద్ధతి ఇచ్చే దీర్ఘవృత్తత అక్షాల వర్గాలతో నిర్వచించినది, కాబట్టి సగటు షియర్‌కు దాదాపు రెట్టింపు వస్తుంది. గెలాక్సీలు ఎంత గుండ్రంగా ఉంటే అంత కచ్చితంగా రెట్టింపు. అది తెలియక ప్రోగ్రాము తప్పని విద్యార్థులు కంగారు పడతారు, ముందే చెప్పండి.

నాయిస్ లేకుండా ఒకసారి, నాయిస్ వేసి ఒకసారి, పీఎస్‌ఎఫ్‌ను కొంచెం ఒక వైపుకు సాగదీసి ఒకసారి, చివరగా మసకవాటిని తీసేసే జల్లెడ పెట్టి ఒకసారి గీయిస్తే, గీత వాలు ఎప్పుడు మారుతోందో, గీత మొత్తంగా పైకో కిందికో ఎప్పుడు జరుగుతోందో వాళ్లకే కనిపిస్తుంది. నాయిస్ వేసిన రెండవ గ్రాఫు రాగానే నాకు పంపండి. విద్యార్థులకు వచ్చిన వాలును నా దగ్గరున్న అంకెలతో పోల్చి చూసి, తేడా ఎక్కడ నుంచి వచ్చిందో కలిసి వెతుకుదాం.